శుక్రవారం పొద్దు గూకకముందే

కట్టంగూర్ దగ్గర హైవే పక్కన నాకు టెంట్‌హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైక్‌సెట్టు, వాటితో పాటు శవాన్ని ఉంచే ఫ్రీజర్ డబ్బాలు రెండు కిరాయికిస్తాను. పెళ్లివాళ్లు నెల ముందే వచ్చి బేరమాడి పోతారు. డబ్బా కోసం వచ్చే ఫోన్ మాత్రం ఎప్పుడు మోగుతుందో ఎవరికీ తెలియదు. మోగితే నేను ఏడవను, ఓదార్చను. "ఎప్పటిదాక ఉంచుతరు?" అని ఒకటే అడుగుతాను. రాయిలాంటి మనిషివి అని నా భార్య అంటుంది. రోజూ చావుకు సామాను మోసేవాడు రాయి కాకపోతే ఏమవుతాడు?

ఈ పనిలో ఉంటే ఎవరి పద్ధతి ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. హిందువుల ఇళ్లలో దూరం నుంచి కొడుకు వచ్చేదాకా ఉంచుతారు. మా క్రైస్తవుల్లో ఇప్పుడు రెండు రోజులు మామూలైంది. ఫోన్‌లో లైవ్ పెట్టాలి, పాటల బృందం రావాలి, ముగ్గురు పాస్టర్లు వాక్యం చెప్పాలి. ముస్లింల ఇళ్ల నుంచి మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ నన్ను డబ్బా అడగలేదు. వాళ్లు కుర్చీలు తీసుకుంటారు, సాయంత్రానికల్లా తిరిగి పంపిస్తారు. చావు ఎక్కడ జరిగినా నాకు కిరాయే కాబట్టి ఇందులో ఏది మంచి పద్ధతి అని నేనెప్పుడూ ఆలోచించలేదు. మా బాపు పోయిన రోజున ఆలోచించాల్సి వచ్చింది.

మాది గుంటెడు భూమి లేని కుటుంబం. ముత్తాత కాలంలో క్రీస్తును నమ్ముకున్నారు. బాపు బియ్యం మిల్లులో హమాలీ. ఆయన జోడీ హమాలీని మేం చిచ్చా అని పిలుస్తాం. చిచ్చా ముస్లిం. బస్తా నెత్తికెత్తాలంటే ఇద్దరు చెరో కొస పట్టాలి కదా, వాళ్లిద్దరూ ముప్పై ఏళ్లకు పైగా ఒకరికొకరు ఎత్తుకున్నారు. పీర్ల పండుగకు చిచ్చా పీరు పట్టేవాడు, బాపు ముందర డప్పు కొట్టేవాడు. క్రిస్మస్ రోజు చిచ్చా మా ఇంట్లో తినేవాడు. మేకను కూడా ఆయనే వచ్చి కోసేవాడు, లేకపోతే ఆయన తినడు కదా. దాన్ని మతసామరస్యం అని ఎవరూ అనలేదు, అదొక పేరున్న సంగతని కూడా మాకు తెలియదు.

తర్వాత పోరగాళ్లు చదువుకున్నారు. చిచ్చా కొడుకు హైవే మీద సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టాడు. ఫోన్‌లో పెద్ద పెద్ద ఆలిములు, మతం చదివిన పండితులు, చెప్పేవి విని, పీరు పట్టడం మన మతంలో లేనేలేదు, అది పాపం అని తండ్రితో మాన్పించాడు. అదే ఏడాది మా పాస్టరయ్య కూడా, పీర్ల ముందు డప్పు కొట్టినవాడికి ప్రభురాత్రి భోజనం ఇవ్వనని బాపుకు చెప్పాడు. అలా ఇద్దరూ ఒకేసారి మానేశారు. దేవుళ్లు వేరైనా తిట్లు ఒక్కటే. మిల్లు అరుగు మీద కూర్చుని బాపు నవ్వేవాడు.

"మనం మూటలు మోసి చదివిస్తిమి. వాళ్లు మనకే పాఠం చెప్పవట్టిరి" అనేవాడు.

"నువ్వు ఊకో భాయ్, వింటే మళ్ల మొదలుపెడ్తరు" అని చిచ్చా బీడీ అంటించుకునేవాడు.

మా పాస్టరయ్య ఒకసారి పరిశుద్ధ దేశం టూర్ పోయివచ్చాడు. సీసాలో యొర్దాను నీళ్లు, ఒలీవ నూనె, పొడుగాటి పొట్టేలు కొమ్ము తెచ్చాడు. చర్చిలో అప్పటికే పెద్ద ఎల్ఈడీ తెర ఉంది. దాని పక్కన ఇజ్రాయెల్ జెండా పెట్టించాడు. ఆదివారం కొమ్ము ఊదబోతే మొదట గాలే వచ్చింది, తర్వాత లారీ హారన్ లాంటి చప్పుడొచ్చింది. జనం హల్లెలూయా అన్నారు. నేను మైకు సరిచేస్తూ పక్కనే ఉన్నాను. మా తమ్ముడు కీబోర్డు ముందు కూర్చున్నాడు. అందరూ కళ్లు మూసుకుంటే వాడొక్కడు కళ్లు తెరిచి ఆ కొమ్మునే చూశాడు.

మా తమ్ముడికి ట్రాలీ ఆటో ఉంది. చిన్నప్పటి నుంచి వాడు ఏది పట్టినా సగంలో వదలడు. ఆ కొమ్ము ఏమిటి, ఎందుకు ఊదుతారు అని వెతకడం మొదలుపెట్టి పాత నిబంధన మొత్తం చదివేశాడు. ఒకరోజు పాస్టరయ్యను అందరి ముందే అడిగాడు.

"అయ్యగారూ, కొమ్ము ఆళ్లదే, జెండా ఆళ్లదే, నూనె ఆళ్లదే. మరి దినం ఎందుకు ఆళ్లది కాదు? విశ్రాంతి దినం శనివారమని రాసున్నది గదా?"

పాస్టరయ్య కృప గురించి, కొత్త నిబంధన గురించి చాలాసేపు చెప్పాడు. తమ్ముడు విన్నాడు, తర్వాతి వారం నుంచి రాలేదు. కోస్తా వైపు తాము ఇశ్రాయేలు సంతతి అని చెప్పుకునే కొన్ని కుటుంబాలున్నాయట. వాళ్ల గురువు ఒకాయన ఫోన్‌లో చెప్పే పాఠాలు వింటూ వాడు ఇంట్లోనే మొదలుపెట్టాడు. శుక్రవారం పొద్దు గూకకముందే రెండు దీపాలు, ఒక రొట్టె. ఆ తర్వాత శనివారం చుక్కలు పొడిచేదాకా ఆటో తీయడు, స్విచ్ వేయడు, ఫోన్ ముట్టడు. మా దగ్గర అంగడి శనివారమే. కిరాయిలన్నీ ఆ రోజే ఉంటాయి. మరదలు నెత్తి కొట్టుకుంది. ఊళ్లో వాళ్లు వాడికి శనివారపాయన అని పేరు పెట్టారు. బాపు మాత్రం తిట్టలేదు.

"నా ఆదివారం నాది, వాని శనివారం వానిది. తురకల శుక్రవారం ఉండనే ఉండె. ఇగ కైకిలికి పోయేది ఎప్పుడురా?" అని నవ్వాడు.

తమ్ముడు, చిచ్చా కొడుకు ఒకే బెంచీలో చదువుకున్నవాళ్లు. పంది ముట్టొద్దని, నెత్తురు తినొద్దని, దేవుడికి బొమ్మ లేదని ఇద్దరూ ఒకేలా మాట్లాడుతుంటే, ఇక వీళ్లు విడిపోరు అనుకున్నాం. అప్పుడు అక్కడెక్కడో ఇజ్రాయెల్ వైపు యుద్ధం మొదలైంది. తమ్ముడి ఆటో అద్దం మీద ఒక జెండా, చిచ్చా కొడుకు షాపు అద్దం మీద ఇంకో జెండా అతికాయి. ఫోన్‌లో ఏవో పెట్టుకున్నారు, ఏవో తిట్టుకున్నారు. తమ్ముడి ఫోన్ తెర పగిలితే పక్కనే ఉన్న షాపు వదిలి నల్లగొండ దాకా పోయి వేయించుకున్నాడు. ఆ యుద్ధం ఎక్కడ జరుగుతుందో గోడ మీది పటంలో చూపించమంటే ఇద్దరూ తడుముకునేవాళ్లే. నాకు ఒళ్లు మండేది. ఎవరికి చెప్పాలి?

ఆ చలికాలంలోనే, ఒక శుక్రవారం తెల్లవారుజామున బాపు గుండె ఆగింది. నోట్లో పళ్లపుల్ల పెట్టుకుని బయటకు పోయి, వాకిట్లో కూలబడ్డాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. వెనక్కి తెచ్చి నులక మంచం మీద పడుకోబెట్టాం. అమ్మ ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. పోయి గోదాములో కొత్త డబ్బా తుడిచి, ప్లగ్గు పనిచేస్తుందో లేదో చూసి, వ్యాన్‌లో ఎక్కించాను. ఎవరింటికి తీసుకుపోతున్నానో నా చేతులకు తెలియనట్టే ఉంది.

ముందు అక్కకు ఫోన్ చేశాను. అక్క మా ఇద్దరి కంటే పెద్దది. బెంగళూరులో బావ వాచ్‌మన్, అక్క నాలుగిళ్లలో పని చేస్తుంది.

"తమ్మీ, నేనొచ్చేదాక ఉంచుండ్రి" అంది. "మొన్న క్రిస్మస్‌కొచ్చి పొయ్యేటప్పుడు బాపు నిద్రల ఉండె. బస్సు పోతదని లేపకుంటనే వచ్చిన. మొఖం జూడాలె నేను. ఉంచుతరు గదా?"

"ఉంచుతం, నువ్వు రా" అన్నాను. డబ్బా నాదే, కరెంటు ఇరవైనాలుగ్గంటలూ ఉంది. అందులో ఆలోచించేదేముంది?

వ్యాన్ వాకిట్లో ఆపగానే తమ్ముడు అడ్డమొచ్చాడు.

"డబ్బా వద్దన్నా. పొద్దు గూకకముందే మట్టి చేయాలె."

"అక్క రావాలె గదరా."

"రాత్రి శవం ఉంచొద్దని ధర్మశాస్త్రంల ఉన్నది. పొద్దు గూకితే షబ్బాత్, విశ్రాంతి దినం. నేను పెట్టె మొయ్య, పార ముట్ట. బాపును రెండు రాత్రులు ఫ్రిజ్‌ల కూరగాయలు పెట్టినట్టు పెడ్తరా? గట్ల జేస్తే ఆదివారం గూడ నేను రాను. ఏమన్న అనుకో."

అప్పటికే పాస్టరయ్య కారు దిగాడు. ఆయన అమ్మకు ప్రార్థన చేసి, నన్ను పక్కకు పిలిచి, ఆదివారం ఆరాధన అయ్యాక చేద్దాం, చర్చిలో పెడదాం, లైవ్ పెట్టిస్తాను, పెద్దాయన సాక్ష్యం పది ఊళ్లు చూస్తాయి అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. తమ్ముడు ఆయన ముఖం కూడా చూడలేదు.

అంతలో చిచ్చా, వెనకాల ఆయన కొడుకు వచ్చారు. చిచ్చా మంచం పక్కన కింద కూర్చుని బాపు పాదాలు పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మయ్యత్‌ను ఆపొద్దు బేటా. ఎంత జల్దీ మట్టికిస్తే గంత మంచిది" అన్నాడు.

"అదే చెప్తున్న చిచ్చా నేను" అన్నాడు తమ్ముడు.

చిచ్చా కొడుకు నెలల తర్వాత మొదటిసారి తమ్ముడి వైపు చూశాడు. "బొంద ఎవరు తవ్వుతున్నరు?" అని అడిగాడు. జేసీబీ ఆయన చెరువు పనికి పోయాడని, సాయంత్రం దాకా రాడని ఎవరో చెప్పారు. "గడ్డపారలు తే, మనమే తవ్వుదాం" అన్నాడు. ఇద్దరూ నా వ్యాన్‌లో నుంచే గడ్డపారలు తీసుకుని సమాధుల తోటకు పోయారు. దేశాల కోసం మాట్లాడుకోవడం మానేసినవాళ్లు, బాపును తొందరగా పూడ్చడానికి మాత్రం ఒక్కటయ్యారు. నవ్వాలో ఏం చేయాలో తెలియక నేను కుర్చీలు దించాను.

ఇక మిగిలింది అమ్మ. ఉంచమంటే ఉంచుతాం, తీయమంటే తీస్తాం, నువ్వే చెప్పు అన్నాను. అమ్మ ఏడుపు ఆపి గోడకు ఆనుకుంది. ఆమె ఏం లెక్క వేసుకుందో నాకు అర్థమైంది. ఆగితే బిడ్డ తండ్రి ముఖం చూస్తుంది, కానీ చిన్నకొడుకు రాడు. ఆగకపోతే ఇద్దరు కొడుకులూ మోస్తారు, బిడ్డకు మట్టే కనపడుతుంది.

"బిడ్డ ఎట్లయిన ఏడుస్తది కొడుకా" అంది చివరికి. "చూసినా ఏడుస్తది, చూడకున్నా ఏడుస్తది. చిన్నోడు ఇయ్యాల రాకపోతే ఇగ ఎప్పటికి గీ ఇంట్ల ఉండడు. వాడు గట్లాంటోడు. ఇద్దరు కొడుకులను గని, పెట్టెకు ఒక దిక్కు పరాయోడు పట్టాల్నా? కానియ్యిండ్రి."

నేను డబ్బాను వ్యాన్‌లోంచి దించనే లేదు. అక్కకు ఫోన్ చేసి ఆ మాట చెప్పింది నా భార్య. నేను చెప్పలేనని కాదు, అప్పుడు పెట్టె కోసం వడ్రంగితో మాట్లాడుతున్నాను. లోపల నుంచి నా భార్య గొంతు వినిపించింది. "ఏం జేస్తం వదినా, చిన్నాయన మొండికేసిండు. దేవుని మాటంట" అంటోంది.

మధ్యాహ్నం దాటాక అక్క బస్సు కొత్తకోటలో ఆగింది. అక్కడి నుంచి ఫోన్ చేసింది. "కొత్తకోట దాక వచ్చిన తమ్మీ. ఇంకెంత దూరమున్నది గనుక? జర ఆపుండ్రి. ఒక్క రెండు మూడు గంటలు" అంది. ఎంత దూరమో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పాలమూరు మొత్తం దాటాలి, నల్లగొండ సగం దాటాలి. చలికాలం పొద్దు ఎంతసేపు ఉంటుంది? తమ్ముడు తోట నుంచి వచ్చి, స్నానం చేసి, తడి తలతో పెట్టె పక్కన నిలబడి ఎండ వైపు చూస్తున్నాడు.

మూత వేసేముందు నా భార్య వీడియో కాల్ చేసి ఫోన్‌ను బాపు ముఖం మీదికి వంచింది. అక్క బస్సు కిటికీ పక్కన ఉంది. "దగ్గరికి పెట్టు. ఇంకా దగ్గరికి. వెలుతురు పడ్తలేదు" అంటోంది. తెరలో అక్క కదలకుండా చూస్తోందా, బొమ్మే ఆగిందా తెలియలేదు. అంతలో సిగ్నల్ పోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. పాస్టరయ్య గడియారం చూసి గొంతు సవరించుకుని కీర్తన అందుకున్నాడు. ఆదివారానికి ఒప్పుకోలేదని అలగకుండా ఆయన చివరిదాకా ఉన్నాడు, అది చెప్పాలి.

పెట్టె ముందు కొస తమ్ముడూ నేనూ పట్టాం. వెనక కొసలో ఒక పక్క చిచ్చా పట్టాడు. ఆయన కొడుకు వద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు. ప్రార్థన జరుగుతున్నంతసేపు మాత్రం వాడు గేటు బయట నిలబడ్డాడు, మట్టి వేసేటప్పుడు లోపలికొచ్చి పార అందుకున్నాడు. మొరం నేల, గట్టి మట్టి. మట్టిపెళ్లల శబ్దం పెట్టె మీద వినపడింది. అప్పుడైనా నాకు ఏదో ఒకటి కలగాలి కదా. పార పిడి వదులుగా ఉంది, రేపు మేకు కొట్టించాలి అనుకున్నాను. అంతే.

చీకటి పడ్డాక అక్క వచ్చింది. ఆటో దిగి, చెప్పులు విడిచి, ఇంట్లోకి రాకుండా నేరుగా తోటకు నడిచింది. నేను టార్చిలైటు పట్టుకుని వెనకాల పోయాను. కుప్ప మీద పూలు ఇంకా వాడలేదు. కింద కూర్చుని రెండు చేతులతో మట్టి పక్కకు తీయడం మొదలుపెట్టింది.

"తియ్యి తమ్మీ. ఇప్పుడే గదా పెట్టిండ్రు. ఒక్కసారి జూసి మళ్ల మూద్దాం."

చిచ్చా మా వెనకాలే వచ్చాడు. అక్క పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకున్నాడు. "మూసినంక తెరవొద్దు బిడ్డా. ఆయనకు తక్లీఫ్ అయితది" అన్నాడు. ఫోన్ చేసి అడిగితే పాస్టరయ్య కూడా వద్దన్నాడు. అక్క నా ముఖం చూసింది. పార తోటలోనే ఉంది. నేను కదలలేదు, వద్దని కూడా అనలేదు. కాసేపటికి ఆమె చేతులే ఆగిపోయాయి.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడి గది చీకటిగా ఉంది. రెండు దీపాలు ఎప్పుడో కొండెక్కాయి. వాడు చీకట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. స్విచ్ వేయకూడదు, ఇంకొకరిని వేయమని అడగకూడదు. అక్క గడపలో నిలబడింది. ఈ సంగతులేవీ తెలియని చిచ్చా వెనకాల నుంచి వచ్చి, "క్యా రే, కరెంటు ఉంటె గిట్ల చీకట్ల కూసున్నరేంది?" అని స్విచ్ వేశాడు. వెలుతురులో చూస్తే తమ్ముడి ముఖం ఉబ్బిపోయి ఉంది. అక్క వాడి పక్కన పోయి కూర్చుంది.

"మోసినవా?" అని అడిగింది.

"మోసిన."

"దేవుని మాటంటివి గదా. ఏం జేస్తం మరి" అంది అక్క.

ఆ ఒక్కమాటతో ఆ ఇంట్లో అందరికీ ఊపిరి తిరిగింది. అక్క తమ్ముడితో పోట్లాడలేదు, మాటలు మానేయలేదు. ముందు ఎలా ఉందో అలాగే ఉంది. బెంగళూరులో ఎవరైనా మీ బాపును చూసినవా అని అడిగితే, మా తమ్ముంది ఇశ్రాయేలు పద్ధతి, ఆళ్ల దేవుడు ఒప్పుకోడు, ఆపనియ్యలేదు అని చెప్పేదట. బావ ఒకసారి నాతో అన్నాడు. ఎవరో పెద్ద ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టలేదు అన్నట్టు చెప్తది అన్నాడు.

నేను పనిలో పడ్డాను. చావుల ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "ఎప్పటిదాక ఉంచుతరు?" అని అడుగుతూనే ఉన్నాను. అడిగిన ప్రతిసారీ నోట్లో ఏదో చేదు అనిపించేది. అది దుఃఖమో కాదో నాకు తెలియదు.

మరుసటేడు వానలు తగ్గుతున్న రోజుల్లో తమ్ముడు టెంట్‌హౌస్‌కు వచ్చాడు. ఆటో ఇంజను ఆపడం కూడా మరిచిపోయి లోపలికొచ్చి కుర్చీల దొంతి పక్కన నిలబడ్డాడు. కోస్తా గురువు ఒక అసలు యూదు గురువును పాఠంలోకి తెచ్చాడట. ముంబయి మనిషి, పెద్దాయన. ప్రశ్నలు అడగమంటే వీడు బాపు సంగతి చెప్పి, తాను ధర్మం ఎలా నిలబెట్టాడో గొప్పగా వివరించాడట.

"ఆయన ఏమన్నడో ఎరికేనా అన్నా" అన్నాడు. "ఆగొచ్చు అన్నడు. దగ్గరోళ్లు దూరం నుంచి వచ్చేదుంటే ఆగాలె, అది చచ్చినాయనకు మర్యాదనే, తప్పు కాదు అన్నడు. ఆదివారం దాక ఉంచొచ్చంట. ఎప్పటి సందో గట్లనే ఉన్నదంట. మీ అక్కను జూడనియ్యలేదా అని నన్నే అడిగిండు."

నేను కుర్చీలు లెక్కబెట్టడం ఆపాను. "నీకు తెల్వదా మరి?"

"నేను పుస్తకంల ఒక్క మాట జూసి పట్టుకున్న. పక్కన పెద్దలు ఏం చెప్పిండ్రో నాకెట్ల తెలుస్తది? గీడ అడిగేటందుకు మనిషెవ్వడున్నడు?"

వాడు చెప్పింది నిజమే. ఆ మతంలో పుట్టినవాడికైతే తాతో మేనమామో చెప్పి ఉండేవాడు. మా వాడు ఫోన్‌లో పుట్టిన యూదుడు. అక్షరం దొరికింది, దాన్ని సడలించే ముసలివాళ్లు దొరకలేదు. వాడిని తిట్టాలనుకున్నాను. మళ్లీ మొదటి నుంచి కుర్చీలు లెక్కబెట్టాను.

వాళ్లకు ఏడాదికొకసారి ఒక రాత్రీ పగలూ ఉపవాసముండి తప్పులు ఒప్పుకునే రోజు ఉంటుందట. దానికి ముందే, మనిషికి చేసిన తప్పు ఆ మనిషినే అడిగి మాఫీ చేయించుకోవాలట. దేవుడు మధ్యలోకి రాడు, నువ్వే పోయి అడుక్కో అంటాడట. ఆ రోజు ఇంకో వారంలో ఉంది. అక్క అమ్మను చూడటానికి ఎటూ వస్తోంది. చెప్పాలా వద్దా అని తమ్ముడు అందరినీ అడిగాడు. చాలా రోజుల తర్వాత చర్చి గడప కూడా ఎక్కాడు. ఒప్పుకుంటే భారం దిగుతుంది నాయనా, చెప్పు, అన్నాడు పాస్టరయ్య. చిచ్చా అలా అనలేదు.

"నీ తప్పును అల్లా కప్పిపెట్టిండు. మళ్ల నువ్వెందుకు విప్పుతున్నవ్? పిల్ల నిమ్మళంగ ఉన్నది. ఉండనియ్యి" అన్నాడు.

పక్కనే ఫోన్ విప్పి స్క్రూలు తీస్తున్న చిచ్చా కొడుకు తలెత్తలేదు. "మాలో గూడ మనిషి హక్కు మనిషినే అడగాలె అబ్బా" అన్నాడు. తమ్ముడు ఆ మాటే పట్టుకున్నాడు.

అక్క వచ్చిన మరునాడు మధ్యాహ్నం, వంటింటి ముందు అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అమ్మ లోపల పడుకుంది. తమ్ముడు వచ్చి కింద, అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నన్ను కూడా ఉండమన్నాడు. వాడు దాచకుండా మొత్తం చెప్పాడు. ముంబయి గురువు అన్నదీ, ఆగొచ్చన్నదీ, ఆదివారం దాకా ఉంచొచ్చన్నదీ. మధ్యలో ఏడ్చాడు కూడా.

"తెల్వక చేసిన అక్కా. మాఫ్ చెయ్యి" అన్నాడు.

అక్క చేతిలో కాయ అలాగే పట్టుకుని విన్నది.

"అంటే ఆగితే తప్పు లేకుండెనా?"

"లేకుండె."

"మీ దేవుడు ఏమనకపోవునా?"

"ఏమనకపోవు."

"సరే, మాఫ్ చేసిన" అంది. అడిగిన వెంటనే అంది, ఇంకేదో సంగతి మాట్లాడుతున్నట్టు. తమ్ముడు ఆమె కాళ్లు పట్టుకుని, కళ్లు తుడుచుకుని లేచాడు. ముఖం తేటపడింది. మర్నాడు ఉపవాసం కదా, దీపాలకు నూనె తేవాలని బయటకు పోయాడు. ఆటో స్టార్ట్ అయిన చప్పుడు వినపడింది. పాస్టరయ్య అన్నట్టు వాడి భారం దిగింది.

అక్క మళ్లీ కాయలు ఒలవలేదు. తొక్కలు, గింజలు కలిసిపోయి ఒడిలో పడి ఉన్నాయి. నేను లేవబోతే నా చొక్కా అంచు పట్టుకుంది.

"తమ్మీ, ఇన్నొద్దులు బాపును చూడనియ్యనిది దేవుడే అనుకున్న. దేవునితోటి ఏం కొట్లాడుతం అని ఊకున్న. నిద్రగూడ పడ్తుండె నాకు. ఇప్పుడు దేవుడు గూడ అడ్డం లేడంటున్నడు గదా వాడు. ఊరికెనే చూడలేదు నేను. ఇగ ఏమనుకొని ఊకోవాలె, చెప్పు?"